ఏరిన పాఠం

వామనమూర్తి మాస్టారిని ఏదైనా అడగాలంటే మాకు కొంచెం జంకు. తిడతారని కాదు, జవాబు చెప్పరని. అడిగినవాళ్ళని ఏదో ఒక పనిలో పెడతారు, లేదంటే తానే ఏదో ఒక విడ్డూరం చేస్తారు. అది అయ్యాక మనం ఇంటికెళ్ళి తల పట్టుకుని కూర్చోవాలి. కాకినాడలో ఆయన పక్కన ముప్ఫై ఏళ్ళుగా వయొలిన్ వాయిస్తున్నాను. పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైర్ కూడా అయ్యాను. ఇన్నేళ్ళలో ఆయన్ని సూటిగా ఒక ప్రశ్న అడిగి సూటిగా ఒక జవాబు రాబట్టిన పాపాన పోలేదు. అందుకే ఆ గురువారం సాయంత్రం ప్రసూన రెండు చిన్న అట్టపెట్టెలు పట్టుకొచ్చి, "మాస్టారూ, వీటిల్లో ఏది ఉంచుకోమంటారండీ?" అని అడగ్గానే, అయిపోయింది ఈ పిల్ల పని అనుకున్నాను.

ప్రసూన ఉండేది తునిలో. ఉద్యోగం కాకినాడలో ఒక ల్యాబ్‌లో, రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దున రెండు గంటలు బస్సు, సాయంత్రం రెండు గంటలు బస్సు. ఆ నాలుగు గంటలూ చెవుల్లో మాస్టారి పాఠమే. మంచి గొంతు, మొండి సాధన. ఇరవై తొమ్మిది నిండాయి. వయసెందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో ఒక సంగీత సభ ఉంది. ఏటా కొత్తవాళ్ళని పాడించి, ఒక్కరిని ఎంచి, ఉత్సవాల్లో పూర్తి కచేరీ ఇస్తుంది. ముప్ఫై దాటినవాళ్ళని పిలవదు. నిరుడు ప్రసూన పాడితే కాదన్నారు. ఎంపిక చేసినవారిలో ఒక పెద్దాయన బయటికొచ్చి మంచిగానే చెప్పాడు. "పాఠం గట్టిగా వచ్చమ్మా నీకు. కానీ ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. ఏదీ విడిగా వినపడటం లేదు." ఈ ఏటి ఎంపికకి ఇంక పదమూడు రోజులుంది. ఇదీ పోతే ఆ గుమ్మం ఎక్కే పనే ఉండదు.

పెద్దాయన మాటని మా ప్రసూన ఎలా అర్థం చేసుకుందంటారు? తన ఇయర్‌ఫోన్స్ బాగాలేవని! ఫోనుతో పాటు వచ్చిన ఆ జతలో ఎడమవైపుది తీగ నొక్కి పట్టుకుంటేగాని పలికేది కాదు. దాంట్లో విని నేర్చుకున్నాను కాబట్టే అన్నీ కలగాపులగం అయ్యాయి, అంతా విడివిడిగా వినిపించే మంచి జత కొనుక్కుంటే తప్పు దానంతటదే దిద్దుకుంటుంది అని తేల్చేసుకుంది. ఇక చూడండి. ఒక జత కొంది, శ్రుతిపెట్టె మోత మాస్టారి గొంతుని మింగేస్తోందంది. ఇంకోటి కొంది, గొంతు పల్చబడిపోయిందంది. మూడోది చెవి నొప్పి. రబ్బరు టోపీలు చిన్నవి మార్చి పెద్దవి, పెద్దవి మార్చి స్పాంజివి. పాఠానికొచ్చి చాప మీద కూర్చున్నా చెయ్యి ఊరుకోదు, ఎవరెవరో రాసిన పొగడ్తలూ తిట్లూ ఫోనులో చదువుతూనే ఉంటుంది. కీర్తన మధ్యలో ఆగి, "రెండు డ్రైవర్లవి అయితే పైస్థాయి తేటగా ఉంటుందటండీ," అని నాకు చెప్పింది ఒకసారి. డ్రైవర్లంటే ఆ చెవిబిళ్ళలో పలికే యంత్రాలట. నాకు తెలిసిన డ్రైవర్లు బస్సు తోలేవాళ్ళేనమ్మా అన్నాను. నవ్వలేదు. ఆ పిల్ల నవ్వి చాలా రోజులైంది, నాకు జాలేసింది కూడా.

ఆ రోజు తెచ్చినవి నాలుగోదీ అయిదోదీ. ఒకటి ఇనుపది, చెవి చుట్టూ తీగ తిప్పుకోవాలి. ఇంకోటి గాజులా నిగనిగలాడుతోంది. షాపతను తెలిసినవాడు కాబట్టి రెండూ ఇచ్చి, విని చూసుకుని ఏడింటిలోగా ఒకటి వెనక్కి తెచ్చేయమన్నాడట. అప్పటికే అయిదున్నర. కూర్చోదు, నిలబడదు. "మీ గొంతు మీకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుందండీ? మీరు విని చెప్పండి. ఏది ఉన్నదున్నట్టు వినిపిస్తే అదే ఉంచుకుంటాను."

మాస్టారు కాదనలేదు. బుద్ధిగా చెవులప్పగించారు. ప్రసూన ఫోనులో ఆయనే చెప్పిన కాంభోజి కీర్తన పాఠం పెట్టింది. ముందు ఇనుపది విన్నారు. "ఓహో, పాఠం వెనకాల మన వీధి ఇస్త్రీ అతను ఎవరితోనో పోట్లాడుతున్నాడు, మాట మాటా తెలుస్తోంది," అన్నారు. తర్వాత గాజుది పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ప్రసూన ఆయన మొహం వంకా గడియారం వంకా చూస్తోంది. ఆయన కళ్ళు తెరిచి, చెవుల్లోవి రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇది అందరికీ వినపడేలా పెట్టమ్మా. నేనూ కలిసి పాడతాను," అన్నారు.

ఇక్కడ మా శిష్యబృందం అలవాటొకటి చెప్పాలి. మాస్టారు ఒక వరస పాడతారు, మేం తిరిగి పాడతాం. ఆయన ఇంకో వరస పాడతారు, మేం మళ్ళీ. పాఠమంటే అంతే, ఎప్పటినుంచో అంతే. ఫోన్లొచ్చాక అందరం రికార్డు చేసుకోవడం మొదలుపెట్టాం. ఇంటికెళ్ళి వింటే మధ్యమధ్యలో మన గొంతు! ఎవడు భరిస్తాడు? అందుకని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మా గొంతులన్నీ ఏరి పారేసి, మాస్టారివి మాత్రం ఒకదాని పక్కన ఒకటి అతికించుకునేవాళ్ళం. దానికి 'ఏరిన పాఠం' అని పేరు కూడా పెట్టుకున్నాం. ఎవరు బాగా ఏరితే వాళ్ళది మిగతావాళ్ళు పంపించమని అడిగేవాళ్ళు. అందరిలోకీ ప్రసూన ఏరిక పేరుమోసింది, ఎక్కడా అతుకు తెలియదు. గురుభక్తి అంటే ఇదే అనుకున్నాం అందరం. నేను కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

సరే, ఫోనులో పాట మొదలైంది. మాస్టారు గొంతు కలిపారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, అయినా మొదటి వరస దివ్యంగా వచ్చింది. అది ముగిసీ ముగియకముందే ఫోను రెండోది అందుకుంది. ఆయనా అందుకున్నారు. వెంటనే మూడోది. నాలుగోదానికి మెడ నరాలు పొంగాయి. అయిదో వరస పైషడ్జం మీద నిలబడాలి. మాస్టారి గొంతు అక్కడ చిన్నగా కీచుమని ఆగిపోయింది, ఆయన ఒక చేత్తో గోడ పట్టుకున్నారు, దగ్గు తెర కమ్ముకొచ్చింది. నేను వయొలిన్ పక్కన పడేసి లేచాను. ప్రసూన ఫోను ఆపబోతే వద్దని చెయ్యి ఊపారు. ఆయన దగ్గుతూనే ఉన్నారు, ఫోనులో ఆయనే జంకూగొంకూ లేకుండా ఆరోది, ఏడోది పాడుకుంటూ పోతున్నారు. ఆ రెండూ ఒకేసారి వినడం నావల్ల కాలేదు. "ఆపవే తల్లీ!" అని అరిచాను. అప్పుడు ఆపింది.

మంచినీళ్ళు తాగి, ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, మాస్టారు చాలా మర్యాదగా అడిగారు. "ఎవరమ్మా ఈయన? మహానుభావుడు, ఊపిరే తీసుకోడు!"

"మీరేనండీ," అంది ప్రసూన.

"నేనా? నేను ఒక వరస పాడాక నువ్వు పాడతావు. నువ్వు పాడినంతసేపూ నేను ఊపిరి పీల్చుకుంటాను. ఏదీ, నీ గొంతేదీ ఇందులో?"

"తీసేశానండీ."

"ఎందుకూ?"

"బాగోదు కదండీ," అంది తలొంచుకుని.

నాకు అప్పుడు వెలిగింది. ప్రసూన పాడేటప్పుడు వరసకీ వరసకీ మధ్య సందు లేకుండా ఎందుకు తరుముకొస్తుందో, పక్కన వాయించే నేను ఎందుకు ఆయాసపడతానో ఇన్నాళ్ళూ అంతుపట్టలేదు. మాస్టారి బాణీలో అలాంటి పరుగు ఎప్పుడూ లేదే అనుకునేవాణ్ణి. అది ఆయన నేర్పింది కాదు. కత్తెర నేర్పింది. ఏ లోటూ లేకుండా, ఏరినది ఏరినట్టే నేర్చుకుంది పాపం. మనిషన్నవాడు పాడలేని పాట.

ఆ పిల్లకి తెలిసిందో లేదో నాకు తెలీదు. ఆరుంబావు అయింది. "అయితే, వీటిల్లో ఏది..." అని మళ్ళీ మొదలుపెట్టింది. మాస్టారు నవ్వి, "చెవిలోంచి జారిపోనిది ఉంచుకో. ఇవాళ్టి పాఠం మాత్రం ఏరకుండా విను," అన్నారు. గాజుది ఆమె చెవికి అతికినట్టు సరిపోయింది. పాఠం ముగియగానే ఇనుపది పట్టుకుని పరిగెత్తింది.

తర్వాతి పదిరోజులూ ఎలా గడిచాయో ఆమె చెబితేనే నాకు తెలిసింది. మర్నాడు తునిలో బస్సెక్కి పాఠం పెట్టుకుందట. మాస్టారి వరస, వెనకే తన గొంతు. గతుక్కుమని కిటికీలోంచి బయటికి చూసిందట, పక్కసీటు ఆవిడకి కూడా వినపడిందేమోనని. కొత్త జత కాదూ, ఏదీ దాచదు. అన్నవరం వచ్చేసరికి తీసి సంచిలో పడేసింది. కత్తిపూడిలో మళ్ళీ పెట్టుకుంది. పిఠాపురంలో మళ్ళీ తీసింది. ఆ రాత్రీ మర్నాడూ ఇదే తంతు. ఒకరోజు సగం దారిలో బస్సు దిగిపోయి, వెనకొచ్చే బస్సు కోసం ఎండలో నిలబడిందట. ఎందుకు దిగావమ్మా అంటే, కూర్చోలేకపోయానండీ అంది.

ఎంపిక బుధవారం. ముందు ఆదివారం పొద్దున పాఠం వేళకి వచ్చింది గాని లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. "నేను పాడనండీ బుధవారం. రేపు వెళ్ళి పేరు తీయించేస్తాను. ఈ ఇయర్‌ఫోన్స్ కూడా బాగాలేవు మాస్టారూ. మీ గొంతు బంగారంలా ఉంది, నాదే దరిద్రంగా వినిపిస్తోంది. ప్రతి వరసా చివర మింగేస్తున్నానండీ, అక్షరం పూర్తిగా అననే అనను. మీరు ఇంకా ఆపకుండానే అందుకుంటున్నాను. మధ్యమం దగ్గర శ్రుతి జారిపోతోంది, ఒక్కసారి కాదు, జారిన ప్రతిసారీ అక్కడే. ఊపిరి మాట మధ్యలో తీస్తున్నాను. చరణంలోనైతే తీయనే తీయట్లేదు. ఛీ, ఇదా నేను పాడేది! నాలుగేళ్ళ నుంచీ మీ ఎదురుగా కూర్చుని ఇదా పాడాను? నాకు ఎందుకు చెప్పలేదండీ ఎవరూ?" అంటూ ఏడ్చేసింది.

చెప్పలేదా! ఈ చాప మీద వందసార్లు, నా ఎదుటే చెప్పారు ఆయన. ఆ మాట అనబోయి మాస్టారి మొహం చూసి నోరు మూసుకున్నాను. అంత సంతోషం ఆయన మొహంలో నేను కచేరీల్లో కూడా ఎప్పుడూ చూడలేదు. ఆయన లేచి గడప దగ్గరికి వెళ్ళారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకునేదాకా ఆగారు. నావైపు తిరిగి శ్రుతి పెట్టమన్నారు. తర్వాత మెల్లిగా, "అయితే మంచివే కొన్నావు తల్లీ," అన్నారు.