వీరాస్వామి పానాలు

కాలవగట్టున ఉన్న కొండేటిపాలెంలో తెలివి తమ ఇంట్లోనే పుట్టి, తమ ఇంట్లోనే పెరిగిందని తాతబ్బాయి నమ్మకం. వాన పడితే గొడుగు తీసుకెళ్ళాలని అతనికి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టాడు. అది తడిసిపోకుండా చొక్కాలో దాచుకుని రావాలని తమ్ముడు బుల్లబ్బులు కనిపెట్టాడు. "మన బుర్రలు ఊరందరికీ పంచినా ఇంకా మిగుల్తాయండీ" అని మురిసిపోయేది తాతబ్బాయి భార్య సత్తెమ్మ. మిగలకేం? వాడితేగా అరగడానికి!

వాళ్ళ నాన్న వీరాస్వామి రైసుమిల్లుల్లో పేరున్న మెకానిక్కు. ఆయన పోయాక అటకమీద ఓ పెట్టె మిగిలింది. నిండా పాత పానాలే. ఆ సంగతి విని కాకినాడ నుంచి సుదర్శనం గారు ఫోను చేశారు. పాతకాలపు మెకానిక్కుల సామాన్లు పోగుచేయడం ఆయనకి పిచ్చి.

"మీ నాన్నగారి సామాన్లు అద్దం వెనకాల పెట్టి, పైన ఆయన పేరు రాయిద్దాం. తుప్పు మాత్రం గీకొద్దు, ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. ఏ పానా ఏ నట్టుకి పడుతుందో నేనొచ్చేలోగా చూసి పెట్టండి. ఒక్కటి తెలియకపోయినా వాటికి విలువుండదు" అన్నారు.

తాతబ్బాయికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నాన్న పోయాక ఆయన పేరెత్తినవాడే లేడు మరి. ఎలాగైనా ఆ పేరు అద్దం మీదికి ఎక్కాల్సిందేనని ఒట్టు పెట్టుకున్నాడు.

పెట్టె దించారు. మూత తీస్తే బొద్దింకలు.

"ఎలా ఉన్నవి అలాగే ఉండాలన్నారు. వీటిని కూడా కదపకండి, మావయ్యగారి నాటివై ఉంటాయి" అంది సత్తెమ్మ.

ఇక పని మొదలైంది. మొదటి పానా ఇనప మంచం నట్టుకి సరిగ్గా పట్టింది.

"పట్టింది గానీ అన్నాయ్, ఆయన నమ్మాలి కదా! నట్టు కూడా చూపిద్దాం" అన్నాడు బుల్లబ్బులు.

అంతే! మంచం నట్లన్నీ ఊడదీసి, దారంతో పానాకి కట్టారు. మంచం మీద నిద్రపోతున్న సత్తెమ్మ తల్లి దబ్బున నేలమీద పడింది. "దీని జాడ దొరికింది, పడుకో అమ్మా" అంది కూతురు.

రెండో పానా బుల్లబ్బులు సైకిలుకి పట్టింది. ఇంకేముంది, చక్రాలొక దిక్కు, హేండిలొక దిక్కు. మూడోది వీధి బోరింగుకి పట్టింది. పిడి ఊడి చేతికొచ్చింది, వీధివాళ్ళ బిందెలు ఖాళీగా నిలబడ్డాయి. నాలుగోది పక్కింటాయన ట్రాక్టరుకి ట్రక్కుని తగిలించే నట్టుకి పట్టింది. తెల్లారి ఆయన ఇంజను పొలానికెళ్ళింది, ట్రక్కు ఇంటి దగ్గరే ఉండిపోయింది.

ఊరంతా తిట్టింది. "పేరొచ్చేవాళ్ళని చూస్తే కుళ్ళండీ" అంది సత్తెమ్మ.

ఇలా అన్నీ తేలాయి గానీ, అన్నిటికంటే పెద్ద పానా ఒకటి దేనికీ పట్టలేదు. ఇంతలో సుదర్శనం గారు జీపులో దిగనే దిగారు. కూర్చుందామంటే మంచం లేదు, తాగుదామంటే నీళ్ళు లేవు. అయినా దారాలతో నట్లు కట్టిన పానాల్ని చూసి పొంగిపోయారు.

"మరి ఈ పెద్దది?"

"అదొక్కటే దొరకలేదండి."

"అయ్యయ్యో! అసలైనదే అది. దాని సంగతి తేలకపోతే ఎలాగయ్యా?"

నాన్న పేరు చేతిదాకా వచ్చి జారిపోతోంది. తాతబ్బాయి పానా పట్టుకుని ఏడుపుమొహంతో బయటికొచ్చాడు. ఎదురుగా జీపు. చక్రానికి నట్లు. పెట్టి చూస్తే అతికినట్టు పట్టింది!

"దొరికిందండోయ్!" అంటూ నట్లన్నీ పానాకి కట్టి లోపలికి పరిగెత్తాడు.

ఆయన ఆనందం పట్టలేక, ఎక్కడివని అడగనే లేదు. పెట్టెని జీపు ముందుసీట్లో పెట్టించుకుని బయల్దేరారు. జీపు కాస్త కదిలింది. చక్రం మాత్రం ముందుకెళ్ళిపోయి, గట్టు దిగి కాలవలో దూకింది.

"నా చక్రం!" అని సుదర్శనం గారు నెత్తి బాదుకున్నారు. "నేను మెకానిక్కుని తీసుకొస్తాను. అందాకా దేన్నీ కదపొద్దు!" అని పక్క ఊరికి నడిచారు.

ముగ్గురూ కాపలా కూర్చున్నారు. తాతబ్బాయి జీపు వంక చూశాడు, చూశాడు, ఉన్నట్టుండి ఎగిరి గంతేశాడు.

"ఒరేయ్! సామాన్లు అద్దం వెనకాలే ఉన్నాయి కదరా! పేరొక్కటేగా తక్కువ?"

సత్తెమ్మ తలుపులకి వేయగా మిగిలిన పచ్చరంగు తెచ్చింది. తాతబ్బాయి జీపు అద్దం నిండా 'మెకానిక్కు వీరాస్వామి గారు' అని రాసి, ఆ అక్షరాల ముందు చేతులు జోడించి భోరుమన్నాడు.

సాయంత్రానికి సుదర్శనం గారు మెకానిక్కుతో వచ్చి, అద్దం చూసి నోరు తెరిచారు. మెకానిక్కు పెద్ద పానా అందుకోబోతే తాతబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆయ్, ముట్టుకోకూడదండి. దూరం నుంచి చూసెళ్ళండి."

"సరేనయ్యా, ముందు నా చక్రం పైకి తీయించండి!"

"ఇందాక ఈతగాళ్ళెవరో తీసి గట్టుమీద పెట్టేశారండి" అన్నాడు బుల్లబ్బులు, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ. "మీరు కదపొద్దన్నారు కదా, మళ్ళీ కాలవలో ఉన్నచోటే పెట్టొచ్చాను."