పొట్టిరవిక పురుగు

పైడిరాజు మాస్టారికి ఒక పాడలవాటు ఉండేది. శిష్యులు ఏమడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు, లేచి చెప్పులేసుకునేవారు. ఆయన వెనకాల పాడేరు కొండలెక్కలేక కొందరు పురుగుల చదువే మానుకున్నారు. పోనీలెండి, పురుగులకు వచ్చిన నష్టమేమీ లేదు.

ఒకనాటి పొద్దున శిష్యురాలు హైమవతి గాజుబుడ్డి పట్టుకుని పరుగున వచ్చింది. బుడ్డిలో నువ్వుగింజంత పురుగు. పెంకుపురుగే గానీ, వీపు మీది పెంకు సగంలోనే ఆగిపోయి, పొట్టి రవిక తొడుక్కున్నట్టు నడుమంతా బయటే ఉంది. ముందురోజు కొండవాలున చీమలపుట్ట తవ్వుతుంటే దొరికింది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా దానికి సరిపోయే బొమ్మ లేదు. నిజంగా కొత్తజాతే అయితే పేరు పెట్టేది తనే! ఆ ఆశతో పిల్లకి కంటిమీద కునుకు లేదు.

"మాస్టారూ, ఇది చీమలతోనే కాపురముండేదా, దారితప్పి దూరిందా? ఎలా తెలుస్తుంది?"

"ఇంటివాళ్ళుండగా నన్నడుగుతావేమిటమ్మా?" అంటూ ఆయన చెప్పులేసుకున్నారు.

పుట్ట దగ్గర హైమవతి బుడ్డి మూత తీసి ఆగింది. చీమల జవాబు కావాలంటే పురుగుని వాటి మధ్య వదలాలి. ఉన్నది ఒక్కటే. స్పిరిట్‌లో వేస్తే కలకాలం దక్కుతుంది, వదిలితే వదిలినట్టే. గుండె రాయి చేసుకుని బుడ్డి వంచింది.

అంతే, చీమలు ఎగబడ్డాయి! ఒకటి కాలు పట్టుకు లాగింది, ఇంకొకటి మీసం కొరికింది. అప్పుడు తట్టింది ఆమెకి, తను చేసిన ఘనకార్యం. రాత్రి భూతద్దంలో స్పష్టంగా కనబడాలని, నేర్చుకున్న పద్ధతి ప్రకారం, పురుగుని తడి కుంచెతో శుభ్రంగా తుడిచింది. దాని ఒంటికి పుట్ట వాసనేమైనా ఉండి ఉంటే అది కాస్తా పోయింది.

"అయ్యో, నేనే చంపాను మాస్టారూ!" అని పట్టకారు తీసింది.

పట్టకారు పురుగు దాకా వెళ్ళి ఆగింది. పురుగు పారిపోవడం లేదు. నెమ్మదిగా తోక పైకెత్తింది. కాలు పట్టుకున్న చీమ ఆ తోక చివర నాకింది, పట్టు వదిలింది. మళ్ళీ నాకి, మీసాలతో దాని తల నిమిరింది. ఆ తరవాత, ఏమని చెప్పను, సొంతబిడ్డని మోసుకుపోయినట్టు నోట కరుచుకుని బొరియలోకి దిగిపోయింది. తక్కిన చీమలు పక్కకి జరిగి దారిచ్చాయి.

హైమవతికి ఒళ్ళు జలదరించింది. రోజూ తొక్కి తిరిగే నేల కింద ఇంత సంసారం జరుగుతోందా! మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు చెమర్చాయి, సంతోషానికో, చెయ్యిజారినందుకో ఆమెకే తెలియలేదు.

"పేరైనా చెప్పకుండానే వెళ్ళిపోయింది మాస్టారూ," అంది చివరికి.

మాస్టారు బొరియ వైపు చూస్తూ, "చెప్పవలసినవాళ్ళకి చెప్పుకునే వెళ్ళిందమ్మా," అన్నారు.