పడవలో రాయి

"తప్పు కళ్ళకు కట్టినట్టు తెర మీద కనిపిస్తున్నా ఒప్పుకోనివాళ్ళని ఏం చెయ్యాలండీ, మాస్టారూ?" అని మండిపడుతూ వచ్చాడు ఉమాపతి. ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌కి కొత్త లెక్చరరతను. కొండలరావు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే.

ఆ ల్యాబ్‌లో మాస్టారు తయారుచేయించిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో విద్యార్థి ముందు రాయాలి. ఆ తరవాతే ప్రయోగం తెర మీద నడుస్తుంది. రాసిన జవాబు పక్కనే ఉంటుంది. ఆ పొద్దున నస్రీన్ అనే రెండో సంవత్సరం పిల్ల, గొట్టం సన్నబడ్డ చోట నీటి పీడనం పెరుగుతుందని రాసింది. తెర మీద తగ్గింది. "ఈ బొమ్మే తప్పు సార్" అందట.

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది! బయటికి పంపేశాను. ల్యాబ్ మార్కుల్లో సున్నా వేస్తున్నాను. ఏడాది పోతే గాని బుద్ధి రాదు."

మాస్టారికి కోపం వస్తే మాట తగ్గిపోతుంది. "కూర్చో" అన్నారు.

మాస్టారు ఇంకో ప్రయోగం తెరిచారు. తెర మీద ఒక తొట్టి, అందులో పడవ, పడవలో రాయి. రాయి తీసి నీళ్ళలో వేస్తే తొట్టిలో నీటి మట్టం ఏమవుతుంది? ఉమాపతి నవ్వుకుంటూ, పెరుగుతుందని టకటకా కొట్టాడు. రాయి నీటిని తోస్తుంది కనక, అని కారణమూ రాశాడు. రాయి మునిగింది. మట్టం తగ్గింది.

"ఎవడు రాశాడండీ ఈ ప్రోగ్రాము? శుద్ధ తప్పు!" మౌస్‌ని బల్లకేసి కొట్టాడు.

మాస్టారు లేచారు. నీళ్ళ బకెట్టు, అందులో తేలే స్టీలు గిన్నె, గిన్నెలో ఒక ఇనపగుండు తెచ్చి ముందు పెట్టారు. నీటి అంచున గీత గీశారు. ఉమాపతి గుండు తీసి నీళ్ళలో వేశాడు. నీళ్ళు గీత కిందికి దిగాయి.

"గిన్నెలో ఉన్నప్పుడు తన బరువంత నీటిని తోసింది... మునిగాక తన సైజంతే" అని గొణిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఈ కథ చెబుతున్న నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పంతులుగారి తప్పుకి బకెట్టు, గిన్నె, గుండు, అంత ఓపికా కావాలి. పిల్ల తప్పుకి సున్నా చాలు.

తన జవాబు చెరిపేద్దామని అతని చెయ్యి మెల్లిగా మౌస్ మీదికి పోయింది.

"చెరపకు" అన్నారు మాస్టారు. "ఆ పిల్ల వరండాలో ఏడుస్తూ నిలబడింది, పిలుచుకురా. గొట్టం సంగతి తరవాత. ముందు ఇది చూడనీ."