పొయ్యి సెగకి ఆరిన చొక్కాలు

మన తాతల తాతలకి ఇంకా మీసాలు మొలవని రోజుల్లో గోగులపేట అని ఒక ఊరుండేది. ఉండేదన్నాను గానీ ఇప్పుడూ ఉంది, కదిలి ఎక్కడికీ పోలేదు. ఊరికి ఒక పక్క ఏరు, ఒక పక్క గోగునార మిల్లు, రెంటికీ మధ్య ఒక మైదానం. పొద్దున్నే ఏటి మీంచి మంచు వచ్చేది. సాయంత్రం మిల్లు గొట్టంలోంచి పొగ వచ్చేది. రెండూ వచ్చి ఆ మైదానం మీదే పడుకునేవి. అందుకని ఆ ఊళ్ళో ఏది నిజంగా జరిగిందో, ఏది కలలో జరిగిందో చెప్పడం కాస్త కష్టం. నేను విన్నది విన్నట్టు చెబుతాను. మీరు ఊఁ కొడుతూ వినండి.

ఆ మైదానంలో ప్రతి ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆడేవారు. మిల్లులో పనిచేసే కుర్రాళ్ళదే జట్టు. ఒకడు జాలరి వీధివాడు, ఒకడు నేత వీధివాడు, ఒకడు ఏటవతలి పేట నుంచి పడవలో వచ్చేవాడు. పొరుగూళ్ళ జట్లు బళ్ళు కట్టుకుని వచ్చి ఆడి వెళ్ళేవి. చూడ్డానికి మాత్రం ఊళ్ళోంచి పురుగు కూడా వచ్చేది కాదు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది, చూసేది తవిటమ్మ ఒక్కతే.

తవిటమ్మ ఆ ఊరి చాకలి. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, మళ్ళీ పుట్టిన బిడ్డని చాటెడు తవుడుకి అమ్మినట్టు అమ్మి, తిరిగి తెచ్చుకుని తవిటమ్మ అని పేరు పెట్టడం ఆ పక్క అలవాటు. అలా దక్కిన మనిషి. కథ నాటికి నా అనేవాళ్ళు ఆమెకెవరూ మిగల్లేదు. తెల్లారకుండా ఊరి బట్టలు మూట కట్టి రేవుకి మోసుకెళ్ళేది. దీపాలు పెట్టే వేళకి తట్ట పట్టుకుని ఇంటింటికీ వెళ్ళేది. గుమ్మానికి అవతల నిలబడితే తలా ఒక ముద్ద పెట్టేవారు. పెట్టేవారు, అందులో వంక పెట్టడానికేం లేదు. కూర్చోమన్నవాళ్ళు మాత్రం లేరు.

జట్టు చొక్కాలు కూడా ఆవిడే ఉతికేది. మొదటిసారి వాటిని ఇవ్వడానికి మైదానానికి వెళ్ళిన రోజున, జట్టు నాయకుడు అసిరయ్య తన తువ్వాలుతో అక్కడున్న బల్ల దులిపాడు.

"కూకో అప్పా, ఆట సూసి ఎల్దువు గాని" అన్నాడు.

ఎవరితో అంటున్నాడా అని తవిటమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. కూర్చుంది. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మరుసటి ఆదివారం వెళ్ళింది, ఆ పై ఆదివారం వెళ్ళింది. ఇంత లోకంలో ఆమెని కూర్చోమన్న చోటు అదొక్కటే. దాన్ని ఆవిడ ప్రాణంలా చూసుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు మిల్లు దొర కిటికీలోంచి మైదానాన్ని చూశాడు. ఎటు చూసినా గడ్డి, పొగ, బల్ల మీద ఒక ముసలమ్మ. వెంటనే మిల్లులో హాజరు రాసే టైమ్‌కీపర్ కూర్మారావుని పిలిపించాడు. జట్టుకి కావలసినవన్నీ చూసేది ఈ కూర్మారావే.

"ఎవరూ చూడని ఆటకి ఇంత చోటెందుకు? నెల తిరిగేలోగా జనం రాకపోతే అక్కడ గిడ్డంగి కట్టించి నార బేళ్ళు పేర్పిస్తాను" అన్నాడు దొర.

కూర్మారావు సరేనని బయటికొచ్చాడు. ఎలాగైనా జనాన్ని రప్పించాలనుకున్నాడు.

మొదటి ఆదివారం ఊరంతా డప్పు వేయించాడు. ఎవరింట్లో పెళ్ళో అని జనం గుమ్మాల్లోకి వచ్చారు. పెళ్ళి కాదని తెలిసి లోపలికి పోయారు. ఆ సాయంత్రం అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది, చూసేది తవిటమ్మ ఒక్కతే.

రెండో ఆదివారం మైదానం దగ్గర మరమరాల ఉండలు పంచాడు. జనం వచ్చారు, ఉండలు కొంగున కట్టుకున్నారు, ఇంటి దగ్గర పిల్లలు ఏడుస్తారంటూ వెళ్ళిపోయారు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది, చూసేది తవిటమ్మ ఒక్కతే.

మూడో ఆదివారం పులివేషగాణ్ణి తెచ్చాడు. అబ్బో, ఇసకేస్తే రాలనంత జనం. పులి ఎగిరింది, దూకింది, నోటితో నిమ్మకాయ అందుకుంది. ఆ తర్వాత ఊళ్ళోకి నడిచింది. దాని వెనకే జనమంతా నడిచారు. అవతలి జట్టు గోల్‌కీపర్ కూడా ఆ గుంపులో కలిసిపోయాడు. అటు పదిమంది, ఇటు పదకొండు మంది, చూసేది తవిటమ్మ ఒక్కతే.

కూర్మారావు వచ్చి గడ్డి మీద చతికిలపడ్డాడు.

"ఇంక నావల్ల కాదు తవిటమ్మా. వచ్చే ఆదివారం దొర తనే వచ్చి చూస్తాడట. ఆ తర్వాత ఇక్కడ బేళ్ళే."

"మరి ఈ బల్ల ఏటి సేత్తారు బావూ?"

"బల్లా? పొయ్యిలోకి పోతుంది."

తవిటమ్మ లేచింది. చొక్కాలు మూట కట్టుకుని వెళ్ళిపోయింది. దారంతా ఆమెకి ఏడుపు తన్నుకొస్తూనే ఉంది.

మర్నాడు వాన పట్టుకుంది. అలాంటి వాన గోగులపేట మళ్ళీ చూడలేదంటారు. ఏరెక్కడో ఊరెక్కడో తెలియలేదు. మిల్లు కూత కూడా నీళ్ళలో మునిగి వినిపించినట్టుండేది. ఊరి బట్టలు తడివి తడిగానే ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది తవిటమ్మ. ఇళ్ళలో ఆరబెట్టుకుంటారు. జట్టు చొక్కాలు మాత్రం మిగిలిపోయాయి. ఊరి బట్టలకి ఇళ్ళున్నాయి, ఆ చొక్కాలకి ఇల్లేది? తన గుడిసెలో ఆరబెడదామంటే అక్కడ పొయ్యే లేదు. పది గుమ్మాల ముందు నిలబడి తినే మనిషికి పొయ్యితో పనేమిటి?

ఎలాగూ ఆ ఆదివారమే ఆఖరి ఆట. ఆ కుర్రాళ్ళు తడిచొక్కాలు వేసుకుని ఆడతారా? ఆ ఒక్క మాట ఆమెకి మింగుడుపడలేదు. దీపాల వేళకి తట్టలో చొక్కాలు పెట్టి, పైన తాటాకు కప్పి, వానలో బయల్దేరింది. మొదట తెలికల వీధిలో గానుగ పెంటయ్య గుమ్మం ముందు ఆగింది. ఆయన భార్య బోడెమ్మ అన్నం తీసుకుని వచ్చింది.

"ఈ పూట నాకు కూడొద్దమ్మా" అంది తవిటమ్మ. "కూసింత సెగెట్టండి."

"సెగేటే?"

"ఈ సొక్కా మీ పొయ్యి మీద దండేనికి ఏలాడదియ్యండి. ఆదోరం వచ్చి పట్టుకెల్తాను."

రెండో ఇల్లు కంసాలి సూరాచారిది. మూడో ఇల్లు జాలరి ఎర్రమ్మది. రెండు చోట్లా అదే మాట. కూడొద్దు, కూసింత సెగెట్టండి. సూరాచారి తల్లి మాత్రం చొక్కాని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏ వీధి వాడిదే ఇది?" అని అడిగింది.

"తడి సొక్కా తల్లీ. నాకు తెలిసిందంతే" అంది తవిటమ్మ.

అలా చొక్కాకో ఇల్లు చూపించింది. ఏ చొక్కా ఏ ఇంట్లో ఉందో మరిచిపోకుండా ఒక పని కూడా చేసింది. ప్రతి ఇంటి బట్టలకీ చాకలి పెట్టే గుర్తొకటి ఉంటుంది కదా. పెంటయ్య ఇంటిది మూడు చుక్కలు, సూరాచారి ఇంటిది చిన్న సున్న, ఎర్రమ్మ ఇంటిది చేపతోక లాంటి గీత. చొక్కా ఏ ఇంటికిస్తే ఆ ఇంటి గుర్తు, మెడ వెనక నల్లజీడి రసంతో పెట్టేసింది. నల్లజీడి మరక బట్ట చిరిగినా పోదని ఆమెకి తెలియక కాదు. ఆ తొందరలో ఆలోచన అంతవరకూ పోలేదు. ఆ రోజు పెట్టించుకోని అన్నం ఆమె మరి వారమంతా పెట్టించుకోలేదు. ఒకసారి వద్దని, మళ్ళీ తట్ట పట్టుకెళ్ళడానికి మొహం చెల్లలేదు. రేవులో ఇంకో చాకలామె ఇచ్చిన గంజితో నెట్టుకొచ్చింది.

ఇక ఇళ్ళలో ఏం జరిగిందో వినండి. పొయ్యి సెగకి చొక్కాలు ఆరుతూ ఆవిర్లు కక్కేవి. గాలి దూరినప్పుడు ఛాతీ పొంగి, మళ్ళీ తగ్గి, లోపలెవరో ఊపిరి తీస్తున్నట్టుండేవి. చేతులు ఊగేవి. బోడెమ్మ పోపు పెడుతూ చొక్కాకి తగలకుండా కాస్త పక్కకి జరిగేది. సూరాచారి తల్లి మొదట దాని వంక చూసేదే కాదు, నాలుగు రోజులకి చలేస్తుందేమోనని దాని కిందకి నిప్పులు ఎగదోయడం మొదలుపెట్టింది. వాన వల్ల ఎవరూ గడప దాటలేదు. ఇంట్లో మనుషులతో పాటు చొక్కా కూడా ఒక మనిషయింది.

అప్పుడొచ్చాయి కలలు. ఏ ఇంట్లో అడిగినా ఒకటే కల. ఎవరో కుర్రాడు వచ్చి తమ పొయ్యి ముందు కూర్చున్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. పిలిస్తే నవ్వుతాడు గానీ తిరగడు. పొద్దున్నే చూరు కింద నిలబడి ఆడవాళ్ళు వీధికి ఆ చివరా ఈ చివరా ఇదే చెప్పుకున్నారు.

"మీకేనా మొకం కనిపించిందేటి?" అని ఎర్రమ్మ అడిగితే, లేదని అందరూ తలలూపారు.

ఆదివారానికి వాన సన్నబడింది. తవిటమ్మ వస్తే బోడెమ్మ చొక్కా మడత పెట్టి, వెచ్చగా చేతికిచ్చింది.

"ఇది ఎవరు తొడుక్కుంటారే?"

"నాను సెప్పలేనమ్మా. సాయంత్రం మైదానంలో మీరే సూసుకోండి."

పెంటయ్య గానుగ ఆపేశాడు. బంతిని తన్నడం కంటే ఎద్దుని తోలడం నయమని పదిమందిలో అన్న మనిషే. "మనింటి గుర్తేసుకుని నలుగుర్లోకి పోతన్నాడు. ఓడితే పోయే పరువు మనదే గదేటి" అని కండువా వేసుకున్నాడు. భార్యకి చెప్పిన కారణం అది. కల తనకీ వచ్చిందని చెప్పలేదు.

ఆ సాయంత్రం మంచు, పొగ, చినుకు కలిసిన తెల్లదనంలోంచి జనం వస్తూనే ఉన్నారు. ఇంటికొక్కరు కాదు, ఇల్లిల్లే కదిలింది. వాళ్ళతో పాటు, ఏమిటీ హడావుడని పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరుకోక కుర్రాళ్ళని భుజాలు పట్టి తిప్పి, సంతలో ఎడ్లని చూసినట్టు మెడలు చూడ్డం మొదలుపెట్టారు. చేపతోక గుర్తు నేత వీధి వాడి మెడ మీద దొరికింది. సున్న జాలరి వీధి వాడి మెడ మీద దొరికింది. కూర్మారావు నెత్తి పట్టుకున్నాడు.

మూడు చుక్కలు ఏటవతలి పేట నుంచి పడవలో వచ్చే కుర్రాడి మెడ మీద ఉన్నాయి. ఆ పేట వాళ్ళని పెంటయ్య తన గానుగ దరిదాపులకి రానిచ్చేవాడు కాదు. ఇప్పుడు కుర్రాడి భుజం మీద వేసిన చెయ్యి తియ్యాలో ఉంచాలో తెలియక నిలబడిపోయాడు. చొక్కాలోంచి తన ఇంటి నువ్వులనూనె వాసన వస్తోంది. కుర్రాడు భయపడుతూ మొహం తిప్పాడు. బోడెమ్మ ఆ మొహాన్ని ఎంతోసేపు చూసింది.

"ఈడేనండీ" అంది మెల్లగా.

ఆట మొదలైంది. కాసేపటికి అవతలి జట్టువాడొకడు ఆ కుర్రాణ్ణి బురదలోకి తోసేశాడు. పెంటయ్య లేచి నిలబడ్డాడు.

"ఎవడ్రా మావోణ్ణి తోసింది?"

మా వాడు అనే ఆ మాట ఆయన నోట రావడం విని ఊరు ఊరంతా ఆయన వైపు తిరిగింది. ఆ తర్వాత నాలుగు వైపులా అదే కేక. మావోడు, మావోడు. ఆ కేకకి మైదానం మీద పడుకున్న పొగ కూడా లేచి పక్కకి తప్పుకుందంటారు.

బల్ల ఎప్పుడో నిండిపోయింది. తవిటమ్మకి చోటు లేక ఒక పక్కన నిలబడింది. ఆమెకి అదే సంతోషం, ఇంత జనం కూర్చున్నాక ఇంక బల్లని పొయ్యిలో ఎవరు పెడతారు? ఇంతలో బోడెమ్మ ఆమెని చూసి సూరాచారి తల్లిని మోచేత్తో పొడిచింది. ఇద్దరూ చెరోవైపు జరిగారు.

"ఇలగొచ్చి కూకో తవిటమ్మా" అంది బోడెమ్మ.

తవిటమ్మ ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది, కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు ఎవరు గెలిచారని అడక్కండి, గోగులపేటలో ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. దొర వచ్చాడు, గుంపులో కాలు పెట్టే చోటు దొరక్క చాలాసేపు నిలబడ్డాడు, ఆఖరికి గిడ్డంగి మాట మానేసి వెళ్ళాడు. నార బేళ్ళు మిల్లుకి ఆ వైపున పేర్చుకున్నారు.

తవిటమ్మ మరికొన్ని వానలు చూసి, ఒక వానాకాలంలోనే కన్నుమూసింది. ఆమె చీరలు తీసినప్పుడు కొంగు వైపు, అంచు వైపు గుర్తు కోసం వెతికారు. ఊళ్ళో ప్రతి ఇంటికీ గుర్తు పెట్టిన మనిషి తన బట్ట మీద ఏ గుర్తూ పెట్టుకోలేదు. ఆమె చీరని అడగడానికి ఎవరొస్తారు, ఎవరి చీరతో కలిసిపోతుంది? అది చూసి పెంటయ్య గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో వాన ఉన్నా లేకున్నా ఆటకి ముందు చొక్కాలు ఇళ్ళకి వెళతాయి. ఏటేటా ఇళ్ళు మారతాయి, గుర్తులు మారతాయి. తెచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి "కూడొద్దు, కూసింత సెగెట్టండి" అంటారు. ఇంటివాళ్ళు ముందు వాళ్ళని లోపల కూర్చోబెట్టి, ఆ తర్వాతే చొక్కా అందుకుంటారు. సాయంత్రం ఏ ఇంటి గుర్తు కనిపిస్తే ఆ ఇంటివాళ్ళు లేచి అరుస్తారు.

గోల్‌కీపర్ చొక్కాకి మాత్రం ఏ గుర్తూ పెట్టరు. అది తవిటమ్మ ఇంటి చొక్కా. దాని తరఫున రావడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. అందుకని అతను మైదానంలోకి నడిచి వచ్చేటప్పుడు ఊరంతా లేచి నిలబడుతుంది.