పదిహేడో నంబరు చీటీ

ఆ ఉదయం జమీల్ కోపం దర్గా వసారా అంతా వినిపించింది.

కొండ కింద ఆ దర్గాలో పేదలకు ఉచితంగా మందులిచ్చే చిన్న ఆసుపత్రి ఉంది. వచ్చినవాళ్లకు వరస నంబరు చీటీలిచ్చే ప్రోగ్రాం రాయమని గురువుగారు హజ్రత్ నూరుల్లా షా, శిష్యుడైన జమీల్‌కు చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చినవాడు, వారంలో రాసిపెట్టాడు. మీట నొక్కితే చీటీ వస్తుంది. చిక్కల్లా ఆ ప్రోగ్రాం రాయడానికి వాడే సాఫ్ట్‌వేర్‌తోనే. కంపెనీవాళ్లు కొత్త వెర్షన్ పంపినప్పుడల్లా, నిన్న నడిచింది ఇవాళ మూలన పడుతుంది.

"తొమ్మిది ఉత్తరాలు రాశాను హజ్రత్. ఒక్కదానికీ మనిషన్నవాడు జవాబివ్వలేదు. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని మాత్రం వస్తుంది. అదీ జమీలా గారికట!"

గురువుగారు గడ్డంలోనే నవ్వుకున్నారు. "పదోది రాయి," అన్నారు.

జమీల్ ల్యాప్‌టాప్ తెరిచి ఘాటుగా మొదలుపెట్టాడు. రెండు వాక్యాలైనా పూర్తికాకముందే నాగలచ్చుమమ్మ అనే ముసలావిడ బల్ల దగ్గరికి వచ్చింది.

"అబ్బోడా, ఈ పొద్దు గూడా నాకూ గొర్రెల ఓబులేసుకూ ఇద్దరికీ పదిహేడే వచ్చింది. నేను ముందంటే నేను ముందని ఆయప్ప కొట్లాటకొస్తాండాడు."

"నేను చూసినప్పుడు బాగానే వచ్చిందవ్వా. ముందు ఈ కంపెనీ సంగతి తేలనీ, రేపు చూస్తాలే."

"మొన్నా అదే అంటివి," అని గొణుక్కుంటూ ఆమె వెనక్కి పోయింది.

గురువుగారు లేచి వెళ్లి వరసలో నిలబడ్డారు. జనం దారివ్వబోతే వద్దని చెయ్యి ఊపారు. తన వంతు వచ్చాక మీట నొక్కి, వచ్చిన చీటీ తెచ్చి జమీల్ ముందు పెట్టారు.

ఉత్తరంలో అప్పుడే 'మీకు సిగ్గు' దాకా వచ్చిన జమీల్ తల ఎత్తలేదు.

"చీటీల సంగతి రేపన్నానా లేదా? వెళ్లి కూర్చోండి."

"మంచిదండీ," అన్నారు గురువుగారు.

ఆ గొంతు చెవిన పడగానే జమీల్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"హజ్రత్! మీరని తెలీదు..."

"నేనని తెలిస్తే లేస్తావు నాయనా. పాపం, ఆ కంపెనీవాళ్లకీ నువ్వెవరో తెలీదు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఓబులేసయితే గట్టిగానే నవ్వాడు. గురువుగారు తన చీటీ తీసుకుని వెళ్లి అందరితోపాటు వరస చివర కూర్చున్నారు.

జమీల్ చెవులు ఎర్రబడ్డాయి. ల్యాప్‌టాప్ మూసేసి, స్టూలొకటి పట్టుకెళ్లి నాగలచ్చుమమ్మ ఎదురుగా వేసుకున్నాడు.

"అవ్వా, ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"మొదట్నుంచంటే నా మోకాళ్ల నొప్పి కాడ్నుంచి చెప్పాల. పర్వాలేదా?"

జమీల్ స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.