మూడు గదులు, ఒక నూనె సీసా

కొండ కింది దర్గాలో హకీం బాబా దగ్గర చేరిన ఏడాదికే జిలానీకి షుగర్ జబ్బు మొత్తం తెలిసిపోయింది. టైప్ వన్, టైప్ టూ, కడుపుతో ఉన్నప్పుడు వచ్చేది అని పేర్లన్నీ నోటికి వచ్చు. వేలి చివర గుచ్చి అంకె చూడటం క్షణంలో పని. అతను చెప్పే వైద్యం మాత్రం అందరికీ ఒకటే: తీపి మానండి, పస్తులుండండి, నడవండి.

ఆ గురువారం ముగ్గురు వచ్చారు. యాభై దాటిన బట్టల కొట్టు సుబ్బరాయుడు బొజ్జ తడుముకుంటూ, "మా నాయనకూ ఉన్నింది" అన్నాడు. మహబూబీకి ఆరో నెల. పదేళ్ల నాగవేణి పుల్లలా ఉంది. వాళ్లమ్మ ఓబుళమ్మ చేతిలో ఇన్సులిన్ డబ్బా.

"నేనే చేసినా సామీ," అంది ఓబుళమ్మ కళ్లు తుడుచుకుంటూ. "లేక లేక పుట్టిందని అడిగినన్ని లడ్లు పెట్టినా. ఇప్పుడు పూటపూటకీ పొడవాల్సొస్తాంది."

"భయం లేదమ్మా," అన్నాడు జిలానీ. " తీపితో వచ్చింది తీపి మానితే పోతుంది. ఇంక సూది అక్కర్లేదు."

ఆమె ముఖం వెలిగింది. డబ్బా దూరంగా జరిపేసింది.

బాబా లోపలి నుంచి వచ్చాడు.

"ఓబుళమ్మా, సూది వేళైంది. వేసి, బిడ్డకు అన్నం పెట్టు."

జిలానీ చేతిలో నూనె సీసా పెట్టాడు.

"సాయంత్రం యాత్రికులొస్తారు. వెనక మూడు గదులూ తెరువు. తాళంచెవులు గూట్లో ఉన్నాయి."

జిలానీ చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు.

"మొదటి తాళం తుప్పు పట్టింది బాబా. తాళంచెవి దూరుతుంది, తిరగదు. నూనె పోసి ఆడించగా ఆడించగా కదిలింది."

"రెండోది?"

"తాళం తేలిగ్గానే తెరుచుకుంది. వానలకు చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుంది. ఇప్పటికి జాగ్రత్తగా నెట్టుకోవాలి. వానలు పోతే చాలావరకు అదే సర్దుకుంటుంది."

"ఆ తర్వాత మర్చిపోవచ్చా?"

"ఒకసారి ఉబ్బిన చెక్క బాబా. ఏటా చూసుకోవాలి."

"మూడోది?"

"దానికి గూట్లో తాళంచెవే లేదు. మిగిలిన నూనంతా పోశా. గడప తడిసింది, అంతే."

"పస్తుండమని చెప్పలేకపోయావా?"

"ఎవరిని?"

"తలుపుని. వినకపోతే నాలుగు మైళ్లు నడవమను."

జిలానీ నవ్వబోయి ఆగిపోయాడు. వరండాలో నాగవేణి అన్నం తింటోంది. ఆ పక్కనే సూదుల డబ్బా.

బాబా తన నడుము నుంచి ఓ కొత్త తాళంచెవి తీసి ఇచ్చాడు.

"దాని సొంతది పోయింది. ఇది బజారులో చేయించా. బయట చేయించినా తాళంచెవి తాళంచెవే."

జిలానీ వరండాలోకి పరుగెత్తాడు.

"అమ్మా, నేను తప్పు చెప్పా. సూది ఒక్క పూట కూడా మానొద్దు. పాప ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం ఆగిపోయింది. లడ్ల వల్ల కాదు."

ఓబుళమ్మ డబ్బా ఒళ్లోకి తీసుకుంది.

"నా తప్పు లేదా సామీ?"

"లేదమ్మా."

ఆమె కూతురి మూతికంటిన మెతుకు తీసింది. ఈసారి కళ్లు తుడుచుకోలేదు.

"అయితే లడ్డు తినొచ్చా?" అంది నాగవేణి.

"ఎంత తింటే ఎంత మందో మీ డాక్టర్ని అడిగి నేర్చుకుందాం. నాకు లెక్కలొచ్చు."

"నాకూ వచ్చు. ఇరవై ఎక్కం దాకా."

జిలానీ ఈసారి నిజంగా నవ్వాడు. మహబూబీని పస్తుండొద్దని చెప్పి కూర్చోబెట్టాడు. మెట్లు దిగుతున్న సుబ్బరాయుణ్ని వెనక్కి పిలిచాడు. ఒక్కొక్కరితో వేరుగా మాట్లాడాడు.

సాయంత్రం యాత్రికులొచ్చే ముందు మూడో గది తాళంచెవికి ఎర్రదారం కట్టి, పోకుండా మెడలో వేసుకున్నాడు.