కాళ్ళతో పడ్డ ముడి

అనగనగా గోదారి నడుమ ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చాయమ్మ అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది, నీ అంత ముద్దుగానూ ఉంటుంది. కోపం మాత్రం నీకంటే ఒక పిసరు ఎక్కువే అనుకో. ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

ఆ పిల్లకి కోలాటమంటే ప్రాణం. అన్నం మానమంటే మానేస్తుంది గానీ కోలాటం మానదు.

ఆ ఊరి బళ్ళో మాణిక్యాంబ టీచరుగారని ఒకావిడ ఉండేది. ఏటా అమ్మవారి జాతరకి ఆడపిల్లల చేత జడకోలాటం ఆడించేది. జడకోలాటం అంటే ఏంటనుకున్నావు? బడి ముందు పొడుగాటి రాట పాతి, దాని కొసన తాళ్ళు కడతారు. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కోల పట్టుకుని, పిల్లలు ఒకళ్ళ పక్కనించి ఒకళ్ళు దూరుతూ ఆడతారు. ఆడుతుంటే పైన తాళ్ళన్నీ జడలా అల్లుకుపోతాయి. ఆ తర్వాత వేసిన అడుగులే వెనక్కి వేసుకుంటూ వస్తే, జడంతా విడిపోతుంది. ఆ తాళ్ళు కూడా కొన్నవి కాదమ్మా. ఎవరి అమ్మ పాత చీర వాళ్ళు తెచ్చి, చింపి పేనినవి. అచ్చాయమ్మది చిలకపచ్చ తాడు.

జాతర దగ్గరకొచ్చింది. ఒకనాటి సాయంత్రం ఆట మంచి జోరు మీద ఉంది. అప్పుడు అచ్చాయమ్మ అడుగు తప్పింది. పక్కనున్న వీరవేణి కిసుక్కున నవ్వింది. అంతే! అచ్చాయమ్మకి ఎక్కడలేని కోపం వచ్చేసింది. కోల విసిరికొట్టింది. చేతిలో తాడుతోనే ఒక పిల్ల చేతికింద దూరింది, ఇంకో పిల్ల చుట్టూ తిరిగింది, తాడు వదిలేసి పోయి గడ్డివామి వెనకాల కూచుంది. పైన జడ కాస్తా చిక్కుపడి ముద్దైపోయింది.

అప్పుడు పెద్దపిల్లలు తాళ్ళు పట్టుకుని లాగారు. చిక్కు ఇంకా బిగిసింది.

ఆ తర్వాత పడవ నడిపే గంగరాజు వచ్చాడు. రాటెక్కి, గోళ్ళరిగేలా పీకి పీకి దిగొచ్చాడు. "పడవ ముడైతే ఇట్టే ఇప్పేద్దును గానండీ, ఇది నా వల్ల కాదండి ఆయ్!" అన్నాడు.

ఆ తర్వాత ఎవరో కత్తి తెచ్చారు. కోసేద్దాం అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. అమ్మల చీరలు కదూ మరి! "ఆ అచ్చాయమ్మని ఆటలోంచి తీసెయ్యండి, టీచరుగారండీ!" అని అందరూ ఒకటే గోల. గడ్డివామి వెనకాల ఆ మాట విని అచ్చాయమ్మ గుండె జారిపోయింది.

టీచరుగారు కత్తి పక్కన పెట్టించింది. "ఈ ముడి చేతుల్తో పడలేదర్రా, కాళ్ళతో పడింది. కాళ్ళతోనే విప్పాలి. ఎటు నించి ఎటు తిరిగిందో అచ్చాయమ్మకే తెలుసు. అది లేకుండా ఎలా విప్పుతారు?" అంది.

అని గడ్డివామి దగ్గరికి వెళ్ళి, పక్కనే గడ్డిలో చతికిలబడింది.

"నేను రానండి. వేణి నవ్విందండి," అంది అచ్చాయమ్మ, మూతి ముడుచుకుని.

"సరే, నవ్వింది. అంతకు ముందు?"

"అడుగు తప్పానండి."

"అంతకు ముందు?"

"గట్టు వైపు చూశానండి."

"అంతకు ముందు?"

అచ్చాయమ్మ గడ్డిపోచ తుంచింది. "అమ్మ ఆట చూడ్డానికి వస్తానందండి. రాలేదండి. తమ్ముడు పుట్టినకాణ్ణించీ ఒక్కసారీ రాలేదండి." ఆ మాటతో బావురుమంది.

"పిచ్చితల్లీ! దీన్ని కోపం అనరే, బెంగ అంటారు. ఏడవడానికి సిగ్గేసి కోపం తెచ్చుకున్నావు," అని టీచరుగారు కొంగుతో ఆ పిల్ల ముక్కు తుడిచింది.

వెనకాల నించుని వీరవేణి అంతా వింది. "నీకు బెంగని నాకు తెలీదే. తెలిస్తే నవ్వుదునా?" అని వచ్చి చెయ్యి పట్టుకుంది.

అప్పుడు అచ్చాయమ్మ వచ్చి తన తాడు పట్టుకుంది. "ఇక్కడ దీని చుట్టూ తిరిగానర్రా, ఇక్కడ దాని చేతికింద దూరాను," అని చెబుతూ వెనక్కి నడిచింది. తనతో పాటు అందరూ నడిచారు. జడ ఒక్కో మెలికే వదులవుతూ వచ్చి, చిలకపచ్చా, పసుపూ, ఎరుపూ ఏ తాడుకాతాడు విడిపోయాయి.

ఆ రాత్రి అచ్చాయమ్మ అమ్మ పక్కలో దూరి, "అమ్మా, నాకు నీ మీద బెంగగా ఉందే," అంది. అమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తమ్ముణ్ణి అటు జరిపి, కూతుర్ని గుండెకి హత్తుకుంది.

ఆ తర్వాత ఆ ఊళ్ళో చూడాలీ! గంగరాజు రేవులో పాలవాడితో తగువేసుకుంటే జనం "అంతకు ముందు?" అనడం మొదలెట్టారు. మొగుడూ పెళ్ళాం కీచులాడుకుంటే పక్కింటివాళ్ళు గోడ మీంచి "అంతకు ముందు?" అనేవారు. ఒకనాడు టీచరుగారే పిల్లల్ని ఊరికే కసిరింది. అందరూ కూడబలుక్కుని "అంతకు ముందు, టీచరుగారండీ?" అన్నారు. ఆవిడ ఆలోచించి, "పొద్దున్న కాఫీ తాగలేదర్రా!" అంది. ఇంక బడంతా ఒకటే నవ్వు.

జాతర రానే వచ్చింది. డప్పులు, బూరలు, జీళ్ళ దుకాణాలు. పిల్లలు కోలాటం మొదలెట్టారు. జడ సగం అల్లేసరికి జనంలో ముందు వరసలో ఎవరు? తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మ! అచ్చాయమ్మకి సంతోషం పట్టలేక, మళ్ళీ అడుగు తప్పింది.

పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. వీరవేణి పెదాలు గట్టిగా మూసుకుంది. ఈసారి ముందుగా నవ్వింది అచ్చాయమ్మే! "నాదే తప్పర్రా, వెనక్కీ!" అని కేకేసింది. అందరూ ఒక్కసారిగా వెనక్కడుగేసి, కోలలు టకామని తాకించి, మళ్ళీ ముందుకి కదిలారు.

"ఓరి, ఈ ఏడు కొత్త అడుగు నేర్పినట్టున్నారే!" అని జనం ఒకటే చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మాత్రం అమ్మే.

కథేమో పడవెక్కి కంచికి,
బెంగేమో గట్టెక్కి ఇంటికి,
నువ్వూ నేనూ ముసుగెట్టి నిద్దరకి!